దరువుకు కన్నే ముందు

ఫలక్‌నుమా ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉంది. పొడవు దాదాపు 33 మీటర్లు. కొండ కింది బస్తీల బడుల్లోంచి ఏడో తరగతి పిల్లలిద్దరిని పిలిచి, ఈ కొసన ఒకరిని, ఆ కొసన ఒకరిని కూర్చోబెట్టి, చూపులు కలవకుండా నడుమ తెర కట్టి, కలిసి తాళం వేయమంటే ఏమవుతుంది? ప్యాలెస్ ఇప్పుడు హోటల్ కాబట్టి ఊహలోనే చేద్దాం. మన వేడిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. ఒకరి చప్పుడు రెండోవారిని చేరేసరికి సెకనులో దాదాపు పదో వంతు గడుస్తుంది. అవతలివాడు వెనకబడ్డాడనుకుని వీడు కాస్త ఆగుతాడు. వీడు ఆగాడని వాడు ఇంకాస్త ఆగుతాడు. నాలుగు ఆవర్తాలు తిరిగేలోపే లయ కుంటుతుంది.

దూరంగా ఉండి ఇంటర్నెట్ ద్వారా కలిసి వాయించేవాళ్ల మీద చేసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటిందంటే వేగం జారిపోతుంది. గాలిలో లెక్కేస్తే అది పది మీటర్ల దూరం. బడి మైదానంలో బారులు తీరిన బ్యాండుకు పది మీటర్లు ఒక లెక్కా? అందుకే ముందు నడిచే పిల్లవాడి చేతిలో కర్ర ఉంటుంది. అది అలంకారం కాదు. కాంతి వెంటనే చేరుతుంది కనుక వెనక వరుస ఆ కర్రను చూసి వాయించాలి, ముందు వరుసను విని కాదు.

ఇంకో విచిత్రం ఉంది. చప్పుడు విన్నాక చెయ్యి కదపడానికి మనిషికి సెకనులో ఆరో వంతో, ఏడో వంతో పడుతుంది. విని కొడితే ఎప్పుడూ ఆలస్యమే. క్రమంగా మోగే చప్పుడుతో వేలు తట్టమంటే మాత్రం చాలామంది అది మోగడానికి కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందే తడతారు. మెదడు రాబోయే దెబ్బను ముందే అంచనా కడుతుందన్నమాట. బృందంలో పిల్లలు అసలు సాధన చేసేది ఈ అంచనానే.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు పాటకన్నా దరువుతో మొదలెట్టడమే మేలని నా అభిప్రాయం. ఆ వయసులోనే మగపిల్లల స్వరతంత్రులు పొడవెక్కి, మందమెక్కి, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లలకూ రెండు మూడు స్వరస్థానాలు తగ్గుతుంది. నిరుడు హాయిగా పాడినవాడు ఈ ఏడు గొంతు చీలి, తోటివాళ్లు నవ్వితే వెనక బెంచీకి పోతాడు. దరువుకు ఆ బెడద లేదు. పైగా డప్పు దెబ్బ ఠక్కున మొదలవుతుంది కాబట్టి ఎవరు ముందో, ఎవరు వెనకో చెవికి తేటగా దొరుకుతుంది. వేణువు ఊదుడులో ఆ అంచు మెత్తగా ఉంటుంది.

గురువులను వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలకు పోతురాజు ముందు మోగేది డప్పు. చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల వారసులు అక్కడ ఉంటారు. వాళ్లూ, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలూ నిలబెట్టిన మర్ఫా లేనిదే పాతబస్తీలో బారాత్ కదలదు. రెండూ గుంపు వాద్యాలే. డప్పును మంటకు చూపించడంలోనూ భౌతికశాస్త్రం ఉంది. వానాకాలపు తేమకు తోలు సాగి గొంతు దిగుతుంది, వేడికి తేమ పోయి బిగుస్తుంది. బిగువు నాలుగింతలైతే శ్రుతి రెండింతలవుతుంది. సిర్ర, సిటికెన పుల్ల పట్టిన పిల్లలకు ఈ పాఠం విడిగా చెప్పక్కర్లేదు.

పిల్లలను అర్ధచంద్రాకారంలో, ఒకరి చేతులు ఒకరికి కనిపించేలా, మూడు నాలుగు మీటర్ల లోపే కూర్చోబెట్టాలి. మూసిన గదిలో మాత్రం వద్దు. పది డప్పులు కలిస్తే చప్పుడు 100 డెసిబెళ్లు సులువుగా దాటుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్కలో 85 డెసిబెళ్లకు రోజుకు ఎనిమిది గంటల దాకా ఫర్వాలేదు, 100 అయితే పావుగంటే. అదీ పెద్దవాళ్ల చెవులకు వేసిన లెక్క. అసలు డప్పులు ఆరుబయట కాసేపే వాయించి, మిగతా సాధనంతా బల్ల మీద మడతపెట్టిన గుడ్డ పరిచి చేయించవచ్చు.