తిన్నదెప్పుడో, బాధ ఎప్పుడో

సీలియాక్ వ్యాధి ఉన్నవారు పొరపాటున గోధుమ కలిసిన పదార్థం తిని, వెంటనే ఏమీ కాకపోతే గండం గడిచిందనుకుంటారు. మర్నాడు పొట్ట ఉబ్బరించి విరేచనాలు పట్టుకుంటే, నింద అప్పుడే తిన్న పెరుగన్నం మీద పడుతుంది. అలర్జీకి పనికొచ్చే కాలపు లెక్కను సీలియాక్‌కు వర్తింపజేయడం వల్ల వచ్చే పొరపాటిది. గోధుమ అలర్జీలో ఐజీఈ యాంటీబాడీలు ముందే సిద్ధంగా ఉంటాయి కనుక నిమిషాల్లోనో, గంటా రెండు గంటల్లోనో దద్దుర్లు, పెదాల వాపు కనిపిస్తాయి. సీలియాక్‌ను నడిపేవి టీ కణాలనే రోగనిరోధక కణాలు. అవి చేసే హాని మెల్లగా, అంచెలంచెలుగా బయటపడుతుంది.

గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్‌ను మన జీర్ణరసాలు పూర్తిగా తెంచలేవు. అందులోని 33 అమైనో ఆమ్లాల తునక ఒకటి వాటన్నిటినీ తట్టుకుని మిగులుతుందని 2002లో తేలింది. చిన్నపేగు గోడలోకి చేరిన ఇలాంటి తునకలను ట్రాన్స్‌గ్లూటామినేజ్ అనే ఎంజైము కొద్దిగా మారుస్తుంది. అప్పుడవి రోగనిరోధక కణాల మీది డీక్యూ2, డీక్యూ8 అనే అణువులకు గట్టిగా అతుక్కుంటాయి. వాటిని గుర్తుపట్టిన టీ కణాలు దాడి మొదలుపెడతాయి. గంట రెండు గంటల్లోనే వాంతి చేసుకునేవారు లేరా అని అడగవచ్చు. ఉన్నారు. పాత పరిచయమున్న టీ కణాలు పేగులో కాచుకుని ఉండటమే అందుకు కారణం. అవి వదిలే ఇంటర్‌ల్యూకిన్-2 రక్తంలో దాదాపు నాలుగు గంటలకు పతాకస్థాయికి చేరుతుంది. అయితే అది ఆరంభం మాత్రమే. వరసగా మూడు రోజులు గ్లూటెన్ తిన్నవారి రక్తంలో ఈ టీ కణాలు ఎక్కువగా కనబడేది ఆరో రోజున.

ఇంతకన్నా బలమైన సాక్ష్యం 2013లో వెలువడింది. సీలియాక్ ఉన్న 20 మంది పెద్దవారికి రెండు వారాలపాటు రోజుకు 3 గ్రాములో, 7.5 గ్రాములో గ్లూటెన్ ఇచ్చి చూశారు. మూడో రోజుకే బాధలు పెరిగాయి. 14వ రోజుకు చాలామందిలో పేగు లోపలి గోడ మీద వేళ్లలా ఉండే చూషకాలు దెబ్బతిన్నాయి, రక్తంలో యాంటీబాడీలు మాత్రం కొద్దిగానే పెరిగాయి. గ్లూటెన్ మానేశాక, 28వ రోజుకు బాధలు దాదాపు తగ్గిపోయాయి. యాంటీబాడీలు మాత్రం అప్పుడే బాగా పెరిగి కనిపించాయి! ఒంటికి తెలిసే బాధ, లోపల జరిగే నష్టం, రక్తపరీక్షలో తేలే ఫలితం మూడూ వేర్వేరు వేళల్లో వస్తాయన్నమాట. పొరపాటున తిన్న మర్నాడు రక్తపరీక్ష చేయించుకుని నిశ్చింతగా ఉండటం అందుకే సరికాదు.

ఇదంతా భయం వల్ల పుట్టే బాధేనన్న ఆక్షేపణ ఒకటుంది. దాన్ని కొట్టిపారేయలేం. గ్లూటెన్ లేని ఉత్తుత్తి గుళిక మింగినా బాధలు చెప్పేవారు పరీక్షల్లో ఎప్పుడూ కొందరుంటారు. అయితే భయం చూషకాలను పొట్టి చేయదు. పైగా ఈ మాట రెండు వైపులా వర్తిస్తుంది: బాధ ఉన్నంత మాత్రాన గ్లూటెన్ తిన్నట్టు కాదు, బాధ లేనంత మాత్రాన పేగు క్షేమంగా ఉన్నట్టూ కాదు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తింటే చాలు, పేగు దెబ్బతింటుందని 2007లో ఇటలీ పరిశోధకులు చూపించారు. ఒక బ్రెడ్ ముక్కలో ఉండేది సుమారు 2 గ్రాములు.

దక్షిణ భారతంలో సీలియాక్ అరుదు. 2016 నాటి సర్వేలో ఉత్తరాదిన 1.23 శాతం, దక్షిణాదిన 0.10 శాతం మందిలో కనబడింది. ప్రధానంగా వరి తినే మన ఇళ్లలో ఈ వ్యాధి ఉన్నవారికి ప్రమాదం గోధుమ రొట్టెకన్నా గోధుమ ఉందని తోచని చోట్ల నుంచే ఎక్కువ. బొంబాయి రవ్వ, సేమ్యా గోధుమవేనని కొందరికి గుర్తుండదు. బజారులో దొరికే డబ్బా ఇంగువలో చాలా రకాలకు గోధుమపిండో మైదానో కలుపుతారు. కనుక బాధ మొదలైతే ఆఖరి భోజనం ఒక్కటే తరచి చూస్తే చాలదు. అంతకుముందు రెండు మూడు రోజుల్లో తిన్న ఉప్మా ఏ రవ్వతో చేశారో, సాంబారులో ఏ ఇంగువ వేశారో కూడా చూడాలి.