మీకు తెలుసా? పెరట్లో డెక్‌కూ పర్మిట్ కావాలి!

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాళ్ల మనసు కొన్నాళ్లకు పెరటి వైపు మళ్లుతుంది. తలుపు తీయగానే ఒక చెక్క డెక్, దాని మీద గ్రిల్, నాలుగు కుర్చీలు ఉంటే బాగుండుననిపిస్తుంది. స్థలం మనదే, డబ్బూ మనదే. అయినా చాలా ఊళ్లలో పర్మిట్ లేకుండా మేకు కొట్టకూడదు. ఆ నిబంధనల్లో కనిపించే అంకెలేవీ ఊరికే పెట్టినవి కావు.

● పర్మిట్ అక్కర్లేని డెక్ కూడా ఉంది. చాలా రాష్ట్రాలకు ఆధారమైన ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అందుకు నాలుగు షరతులు పెట్టింది. విస్తీర్ణం 200 చదరపు అడుగులు దాటకూడదు. నేల నుంచి ఎక్కడా 30 అంగుళాల కన్నా ఎత్తు ఉండకూడదు. ఇంటికి ఆనించి బిగించకూడదు. కోడ్ ప్రకారం ఇంటికి తప్పనిసరైన బయటి తలుపు దాని మీదికి తెరుచుకోకూడదు. ఒక్క షరతు తప్పినా దరఖాస్తు పెట్టాల్సిందే. స్థానిక నిబంధన ఇంకా కఠినంగా ఉంటే అదే చెల్లుతుంది.

● డెక్ ప్రతి చదరపు అడుగుకూ 40 పౌండ్లు, అంటే సుమారు 18 కిలోల బరువు మోయాలి. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవున్న డెక్‌కు ఇది దాదాపు మూడున్నర టన్నులు. పుట్టినరోజు నాడు అతిథులంతా ఒకేసారి డెక్ మీదికి చేరతారు కాబట్టే ఈ లెక్క.

● ఇంటి గోడకు బిగించే లెడ్జర్ పలకను ఉత్త మేకులతో సరిపెట్టకూడదు. బరువు పడి డెక్ బయటికి లాగితే మేకులు ఊడివస్తాయి. అందుకే బోల్టులో, లావుపాటి లాగ్ స్క్రూలో వాడాలి. ప్లాన్ చూసే అధికారి కన్ను ముందుగా పడేది ఇక్కడే.

● రెయిలింగ్ కమ్మీల మధ్య 4 అంగుళాల బంతి దూరకూడదు. పసిపిల్లలు ఆ సందులోంచి జారిపోకూడదనే ఈ కొలత. డెక్ ఎత్తు 30 అంగుళాలు దాటితే కనీసం 36 అంగుళాల ఎత్తు రెయిలింగ్ తప్పనిసరి.

● మిన్నెసోటా రాష్ట్రం దక్షిణ భాగంలో ఇంటికి బిగించిన డెక్ పునాది 42 అంగుళాల లోతున, ఉత్తరాన 60 అంగుళాల లోతున ఉండాలి. చలికాలంలో మట్టిలోని నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది. పునాది పైపైన ఉంటే ఆ ఉబ్బు స్తంభాన్నే ఎత్తేస్తుంది. అలా గుంతలు తవ్వే ముందు 811కు ఫోన్ చేస్తే భూమిలోని గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు.

● పర్మిట్ చేతికొచ్చాక కూడా తనిఖీలుంటాయి. సాధారణంగా కాంక్రీటు పోయకముందు గుంతలు, ఆపైన చట్రం, చివరికి మొత్తం డెక్ చూస్తారు. ఇన్‌స్పెక్టర్ రాకముందే కాంక్రీటు పోసేస్తే మళ్లీ తవ్వించినా తవ్విస్తారు. కోడ్ ప్రకారం 180 రోజుల్లోగా పని మొదలుపెట్టకపోతే పర్మిట్ చెల్లదు.

● హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకుంటే పర్మిట్ వచ్చినట్టు కాదు, పర్మిట్ వస్తే హెచ్‌ఓఏ ఒప్పుకున్నట్టూ కాదు. రెండూ వేర్వేరుగా తీసుకోవాలి.

● “పర్మిట్ మీ పేరు మీదే తీసుకోండి సార్” అని కాంట్రాక్టర్ అంటే కాస్త ఆగండి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీన్ని మోసాన్ని సూచించే లక్షణాల్లో ఒకటిగా చెబుతుంది. పర్మిట్ ఎవరి పేరున ఉంటే, పని కోడ్ ప్రకారం జరగనప్పుడు అధికారులు మొదట అడిగేది వాళ్లనే.