నలిగిపోయి ప్రాణం నిలిపే నురుగు

థర్మోకోల్ పలకను చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. దాని పరిమాణంలో దాదాపు 98 శాతం గాలే! పంచదార పలుకులంతటి పాలిస్టైరీన్ పూసలలో పెంటేన్ అనే ద్రవాన్ని ఇమిడ్చి ఆవిరి పట్టిస్తారు. సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. లోపలి పెంటేన్ వాయువుగా మారి, పూసను వరి పేలంలా పొంగిస్తుంది. పరిమాణం 40 రెట్ల వరకు పెరుగుతుంది. ఆ పూసలను అచ్చులో పోసి మళ్ళీ ఆవిరి పట్టిస్తే ఒకదానికొకటి అతుక్కొని పలకవుతాయి.

పీడనం చేసే పని ఇందుకు విరుద్ధం. సముద్ర పరిశోధకులు థర్మోకోల్ కప్పును 3,000 మీటర్ల లోతుకు దింపితే, సుమారు 300 వాతావరణాల పీడనం దానిని అన్నివైపులా సమంగా నొక్కుతుంది. కప్పు ఆకారం చెడకుండానే బొమ్మ కప్పంత చిన్నదవుతుంది. పైకి తెచ్చినా పూర్వరూపం రాదు.

ఈ గుణమే ద్విచక్ర వాహనచోదకులకు రక్ష. హెల్మెట్ లోపలి మందపాటి పొర సాధారణంగా ఈ పదార్థమే. తల నేలకు కొట్టుకున్నప్పుడు అందులోని గాలి అరలు నలిగి, దెబ్బ తీవ్రతను తామే భరిస్తాయి. కాని నలిగిన అరలు రెండో దెబ్బను అలా కాయలేవు. అందుచేత, గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి చెక్కుచెదరనట్లు కనిపించినా, దానిని మార్చవలసిందే.