మీకు తెలుసా? పక్షవాతం వస్తే ఒంట్లో ఎంత హడావిడో!

★ మన దేశంలో మొట్టమొదటి నాడీ వైద్య విభాగం ఎక్కడ పుట్టిందో చెప్పుకోండి చూద్దాం! ఢిల్లీ కాదు, బొంబాయి కాదు, మన రాయవేలూరులో! 1900లో డాక్టర్ ఐడా స్కడర్ అక్కడ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)గా ఎదిగింది. ఆ విభాగాన్ని అక్కడ డాక్టర్ జేకబ్ చాందీ 1949లో తెరిచారు.

★ పక్షవాతం ఎందరికి ఉందో తేల్చడానికి ఆ రాయవేలూరు ప్రాంతంలోనే రెండున్నర లక్షల జనాభాను లెక్కలోకి తీసుకున్నారు! లక్షకు దాదాపు 57 మంది అని తేలింది. 'స్ట్రోక్' అనే వైద్య పత్రిక పుట్టిన 1970లోనే ఆ లెక్క అందులో అచ్చయింది.

★ మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయి! ఈ పేజీ మీరు చదివి ముగించేలోపు దాదాపు 40 లక్షలన్నమాట.

★ ఆ కణాలు చావడం మొదలవగానే మెదడులోని రక్షక కణాలు నిమిషాల్లో మేలుకుంటాయి! చచ్చినవాటిని తినేసి శుభ్రం చేసేదీ అవే, వాపు పెంచి పక్కనున్న బతికిన కణాలను చంపేదీ అవే.

★ మెదడు సాయానికి పరిగెత్తే తెల్ల రక్తకణాలు ఎక్కడివి? కాలి ఎముక మూలుగ కన్నా పుర్రె ఎముక మూలుగ నుంచే ఎక్కువ వస్తాయి! 2018లో చిట్టెలుకల్లో ఈ సంగతి బయటపడింది. పుర్రెలోంచి మెదడు పొరలదాకా సన్నటి సొరంగాలున్నాయి, మనుషులకు కూడా!

★ పక్షవాతపు దెబ్బ తగిలింది తలలో, కుంచించుకుపోయేది కడుపులో ఉన్న ప్లీహం! ఆ తర్వాత ఒంటి రక్షణ శక్తి నీరసిస్తుంది కాబట్టి పదిమంది రోగుల్లో సుమారు ముగ్గురికి ఏదో ఒక ఇన్ఫెక్షన్, ఒకరికి నిమోనియా వస్తాయి. మింగలేకపోతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అందుకే మింగగలరో లేదో డాక్టర్లు చూసేదాకా రోగి నోట్లో నీళ్లు పోయకండి, దయచేసి.

★ ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ సోకిన మొదటి మూడు రోజుల్లో పక్షవాతం ముప్పు మూడు రెట్లు! ఒంట్లో రేగిన వాపు రక్తాన్ని తేలిగ్గా గడ్డకట్టిస్తుంది.

★ తమిళనాడు రాష్ట్ర పుష్పం అగ్నిశిఖ! దాని గింజల్లో, గడ్డలో ఉండే కాల్చిసిన్ వాపును అణచే మందు. గుండెపోటు వచ్చిన 4,745 మందిపై పరీక్షించి 2019లో ప్రకటించిన ఫలితం చూడండి: ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 19 మందికి పక్షవాతం వస్తే, కాల్చిసిన్ వేసుకున్నవారిలో అయిదుగురికే! అయితే అప్పటికే పక్షవాతం వచ్చినవారిపై చేసిన పరీక్షలో, 2024 ఫలితాల ప్రకారం, స్పష్టమైన లాభం కనబడలేదు. ఆ మొక్క గడ్డ, గింజలు మాత్రం ప్రాణం తీసే విషం, పిల్లల్ని ముట్టనివ్వకండి!