బడి కోసం సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటున్నారా? ముందు ఈ మెసేజ్ పంపండి

మా నాన్నకి పాశమైలారంలో షిఫ్ట్ డ్యూటీ. జీతం నెల మొదటి వారంలో పడుతుంది, బడులేమో జూన్ 12న తెరుస్తారు. మధ్యలో దొరికేది ఒక్క ఆదివారమే. పోయినేడు ఆ తొందరలోనే పటాన్‌చెరులో ఒక షాపులో తమ్ముడికి 5,500కి పాత ఫోన్ తీసుకున్నా. నెల తిరక్కుండానే సిగ్నల్ పోయింది. సిమ్ మార్చా, రీసెట్ కొట్టా, లాభం లేదు. వైఫై మాత్రం పనిచేస్తోంది. తర్వాత తెలిసింది, అది ఎవరిదో పోయిన ఫోన్ అని. అసలు ఓనర్ ఐఎంఈఐ బ్లాక్ చేయిస్తే ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు. చేతిలో బిల్లు లేదు, షాపువాడిని ఏం అడుగుతాం?

చెక్ చేయడానికి రెండు నిమిషాలు చాలు. *#06# డయల్ చేస్తే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. ఇంగ్లిష్‌లో కేవైఎం అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఆ నంబర్ టైప్ చేసి 14422కి పంపండి. సంచార్ సాథీ యాప్‌లోనూ చూడొచ్చు. బ్లాక్‌లిస్ట్, డూప్లికేట్, ఆల్రెడీ ఇన్ యూజ్ అని వస్తే వద్దనేయండి. అయితే ఓనర్ ఇంకా కంప్లైంట్ ఇవ్వకపోతే ఇందులో తెలియదు. అందుకే ఐఎంఈఐ రాసిన బిల్లు తప్పనిసరి.

నోట్‌బుక్కులు, పెన్సిళ్లు, రబ్బర్ల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. కొత్త ఫోన్లకి మాత్రం 18 శాతం అలాగే ఉంది. టెక్స్ట్‌బుక్‌లో క్యూఆర్ కోడ్ ఉంటే దీక్ష యాప్‌తో స్కాన్ చేసి చూశాకే గైడ్ కొనండి.

ఈసారి సంగారెడ్డిలో చూసిన మొదటి ఫోన్‌కే డూప్లికేట్ అని వచ్చింది. షాపతను ఏం మాట్లాడకుండా ఇంకోటి తీసి పెట్టాడు.