కొనబోయిన కొరివి, అమ్మబోయిన అడవి
టెలివిజన్ తెరపై నాణెముల బేరము

సంతలో కోడెను కొనెడి రైతు దాని నోరు తెరచి పండ్లు లెక్కించును; నాలుగడుగులు నడిపించి చూచును; ధర విన్న పిమ్మట సంత అంతయు ఒకమారు తిరిగి వచ్చును. అమ్మువాడు ఎంత తొందరపెట్టినను అతడు తొందరపడడు. ఇట్టి జాగ్రత్తకు తావులేని సంత ఒకటి అమెరికాలో చిరకాలముగా సాగుచున్నది. అది టెలివిజన్ సంత. 1982లో ఫ్లోరిడా రాష్ట్రమున చిన్నగా ఆరంభమై, 1985 నాటికి ఆ దేశమంతట వ్యాపించిన ఈ పద్ధతిలో వ్యాఖ్యాత వస్తువును చూపి పొగడును. ప్రేక్షకులు ఇంటనుండియే ఫోనుచేసి కొందురు. అందు అమ్ముడగు వస్తువులలో సేకరణ నాణెములును కలవు. వానిని అమ్మెడి నేర్పు ఎట్టిదో మన గ్రామములవారును ఎరిగియుండుట మేలు. ఏలయనగా ఆ నేర్పు ఇప్పుడు మన చేతిలోని ఫోనులోనికే వచ్చినది.

తొందర పుట్టించుట

తెరమీద ఒక మూల గడువు క్షణక్షణము తరిగిపోవుచుండును. మరొక మూల మిగిలిన నాణెముల సంఖ్య తగ్గుచుండును. “ఒక్కొక్కరికి ఐదు మాత్రమే” అని వ్యాఖ్యాత హెచ్చరించును. ఐదు చాలునా అని తలపోయువాడు, అసలు ఒక్కటైనను తనకు అవసరమా అని ఆలోచించుట మరచిపోవును. మొదట ఒక పెద్ద ధర చూపి, దానిని కొట్టివేసి, క్రింద చిన్న ధర వేయుదురు. ఆ పెద్ద ధరకు ఎన్నడైనను ఎవరైనను కొనిరా అన్నది మాత్రము చెప్పరు. ఆ చిన్న ధరనైనను వాయిదాలుగా విడదీసి చెప్పుటచే అది మరింత తేలికగా తోచును. నాలుగు సెంటీమీటర్ల నాణెము తెరపై పళ్లెమంత కనిపించును.

నిజములోనే దాగిన మోసము

ఇందుకు అబద్ధమాడ నక్కరలేదు. నిజమును ఒక ప్రక్కనే చూపిన చాలును. అమెరికా ప్రభుత్వము 1986 నుండి ‘సిల్వర్ ఈగిల్’ అను వెండి నాణెమును ముద్రించుచున్నది. అందు సుమారు 31 గ్రాముల మేలిమి వెండి యుండును. ఇది నిజమే. కాని ఒక్క 2015లోనే 4 కోట్ల 70 లక్షల నాణెములు ముద్రింపబడినవి. కోట్లకొలదిగా నున్న వస్తువు అరుదైనది ఎట్లగును?

కావున దానికి అరుదనమును కల్పింపవలసి వచ్చినది. నాణెముల నాణ్యతకు 1 నుండి 70 వరకు మార్కులు వేయు సంస్థలు అచ్చట కలవు. పాత నాణెముల విషయమున ఇది ఉపయోగకరమైన పద్ధతియే. కాని నేటి యంత్రములపై తయారైన క్రొత్త నాణెములలో 69, 70 మార్కులు పొందునవి లెక్కకు మిక్కిలిగా నుండును. 69కి 70కి గల భేదము మామూలు కంటికి కానరాదు. ధరలో మాత్రము బాగుగ కనిపించును. విడుదలైన తొలి దినములలో చేరిన నాణెములకు ‘తొలి ముద్రణ’ అని చీటీ అంటింతురు. ఏ నాణెము ముందు పడినదో తాము గుర్తించి యుంచుట లేదని అమెరికా టంకశాలయే ప్రకటించియున్నది.

1999 మొదలు 2008 వరకు 50 రాష్ట్రముల పేర వెలువడిన 25 సెంట్ల నాణెముల సంగతియు అట్టిదే. అవి 3,400 కోట్లకు పైగా ముద్రింపబడి చిల్లరగా చేతులు మారినవి. వానికి పలుచని బంగారు పూత పూసి హెచ్చు ధరకు అమ్మిరి. ఆ పూత టంకశాల పూసినది కాదు. అనుభవజ్ఞులైన సేకర్తలు దానిని చెడిపోయిన నాణెముగనే ఎంచుదురు.

పచ్చి అబద్ధములకును కొరతలేదు. 2001లో కూలిన న్యూయార్క్ జంట భవనముల శిథిలములందు దొరికిన వెండితో చేసినదని చెప్పి ఒక ‘వెండి డాలరు’ను ప్రకటనలద్వారా అమ్మిరి. అది వెండిపూత మాత్రమేనని తేలగా, 2004లో ఆ రాష్ట్ర న్యాయస్థానము ఆ విక్రయమును ఆపించినది.

మన ముంగిటికి వచ్చిన బేరము

మన దేశమున ఇదే వల తిరుగవేసి విసరుచున్నారు. అచ్చట నాణెమును అమ్మెదమందురు. ఇచ్చట మీ నాణెమును కొనెదమందురు. ట్రాక్టరు బొమ్మగల 5 రూపాయల నోటుకు, వైష్ణోదేవి బొమ్మగల నాణెమునకు లక్షలు వచ్చునని ఫోనులలో ప్రచారము సాగినది. ఆశపడి పిలిచినవారిని ముందుగా రుసుము, పన్ను, కమీషను చెల్లింపుమని కోరుదురు. రిజర్వు బ్యాంకు పేరును సైతము వాడుకొందురు. తాము ఇట్టి వ్యవహారములలో పాల్గొనమనియు, ఏ రుసుమును కోరమనియు, ఎవరికిని అట్టి అధికారము నీయలేదనియు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది.

మూడు ప్రశ్నలు

నాణెము కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇందలి లోహము నేటి ధరకు ఎంత చేయును? ఇట్టివి ఎన్ని ముద్రింపబడినవి? రేపు దీనిని తిరిగి కొనువాడెవడు, ఎంతకు కొనును? మూడవ ప్రశ్నకు అమ్మువాడు తడబడినచో బేరము అంతటితో విరమించుట మంచిది. మన వస్తువును కొనెదమని చెప్పి, ముందుగా మననే సొమ్ము అడుగువానికి ఒక్క పైసయు పంపరాదు. ఇదివరకే పంపియున్నచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతికి వచ్చు అవకాశము తగ్గును.

కొనబోయిన కొరివి, అమ్మబోయిన అడవి అని పెద్దలన్నారు. కోడెను కొనునాటి ఓర్పును నాణెము విషయమునను చూపుడని మా మనవి.