దొంగ సర్టిఫికెట్ ఎవరి వాటా తీసుకుంటుంది?



దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో మన దాతల దగ్గరకు సాయం కోరి వచ్చేవారిలో దివ్యాంగులూ ఉంటారు. "సదరం సర్టిఫికెట్ ఉందా?" అన్నదే మనం వేసే మొదటి ప్రశ్న. ఆ కాగితం ఎలా వస్తుందో, దాన్ని ఎవరు ఎలా సరిచూస్తారో తెలిస్తే మన విరాళం సరైన చేతికి చేరుతుంది.

ఆ కాగితం విలువ చిన్నది కాదు. తెలంగాణలో దివ్యాంగుల ఆసరా పింఛను 2014లో నెలకు 1,500 రూపాయలతో మొదలైంది. 2023 నుంచి 4,016 రూపాయలు. అంటే ఏడాదికి 48,192 రూపాయలు. దీనికి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. వినికిడి లోపమైతే 51 శాతం. బస్సు రాయితీ, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ కూడా వైకల్య సర్టిఫికెట్ మీదే ఆధారపడి ఉంటాయి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఏళ్ల తరబడి చదివే ఒక అంధ విద్యార్థికి రావలసిన ఉద్యోగాన్ని చూపున్నవాడు దొంగ కాగితంతో తీసుకోవచ్చు. అందుకే మోసం జరుగుతుంది.

పూర్వం డాక్టరు చేత్తో రాసిచ్చిన కాగితమే ఆధారం. దాన్ని సృష్టించడమూ తేలికే. ఉమ్మడి రాష్ట్రంలో 2010 ప్రాంతంలో సదరం వచ్చాక పని పలు శాఖల మధ్య పంచారు. ముందుగా స్లాట్ తీసుకోవాలి. శిబిరంలో ప్రభుత్వ డాక్టర్లు పరీక్షించి శాతం నిర్ణయిస్తారు. గ్రామీణాభివృద్ధి శాఖ కింది సెర్ప్ ఆ వివరాలను కంప్యూటర్లో ఉంచి, పింఛను చూస్తుంది. పరీక్షించేవారు ఒకరు, డబ్బు ఇచ్చేవారు మరొకరు కావడంతో ఒకే చోట అందరినీ మభ్యపెట్టడం కష్టమైంది. చెవిటివారిమని నటించేవారిని బెరా పరీక్ష పట్టిస్తుంది. శబ్దానికి మెదడు స్పందిస్తోందా అన్నది యంత్రమే కొలుస్తుంది. రోగి చెప్పే జవాబుతో పని లేదు.

ఇప్పుడు దేశమంతటికీ ఒకే గుర్తింపు సంఖ్య, యూడీఐడీ కార్డు ఉంది. 2024లో సవరించిన నిబంధనల ప్రకారం వైకల్యం 40 శాతం లోపైతే తెల్ల కార్డు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. ఆధార్‌తో ముడిపడిన ఈ సంఖ్య వల్ల ఒకే మనిషి రెండు చోట్ల రెండు పేర్లతో లబ్ధి పొందడం కష్టం.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ ప్రకారం, దివ్యాంగులకు ఉద్దేశించిన లబ్ధిని మోసంతో పొందినా, పొందాలని ప్రయత్నించినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "శాతం పెంచి రాయిస్తా" అనే దళారి డబ్బు తీసుకుని తప్పుకుంటాడు. కేసు మాత్రం కాగితం వాడినవాడి మెడకు చుట్టుకుంటుంది.

అయితే తనిఖీకి రెండో వైపు కూడా ఉంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దివ్యాంగుల పింఛన్లను డాక్టర్లతో మళ్లీ పరీక్షింపజేసింది. వేలాది మందికి నోటీసులు వెళ్లాయి. నిజంగా కదలలేనివారికి కూడా నోటీసులు వచ్చాయని ఆందోళనలు జరగడంతో, అప్పీలు చేసుకునే అవకాశం ఇచ్చారు. వల బిగించినప్పుడు దొంగతో పాటు నిస్సహాయుడూ చిక్కుకుంటాడు. మంచం దిగలేని తల్లిని శిబిరానికి తీసుకెళ్లడానికి ఆటో కిరాయి లేకపోతే, ఆమె కాగితం లేకుండానే మిగిలిపోతుంది. దొంగ మాత్రం తన కాగితం తాను సంపాదించుకుంటాడు.

మన విరాళానికి పని ఇక్కడే ఉంది. స్లాట్ తీసిపెట్టడం, శిబిరానికి వాహనం, తోడుగా ఒక మనిషి, పరీక్షల ఖర్చు: ఇవన్నీ చిన్న మొత్తాలే. సర్టిఫికెట్ నిరాకరిస్తే, లేదా శాతం తక్కువ వేశారనిపిస్తే, అదే చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. ఆ అర్జీ రాయడంలోనూ తోడు నిలవాలి. దివ్యాంగుల సంక్షేమ శాఖ డైరెక్టర్ కార్యాలయం మలక్‌పేటలోనే ఉంది; ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే అదే లైన్‌లో దిగవచ్చు.

సాయం చేసే ముందు కార్డు చూడడం తప్పు కాదు. దాత ఇచ్చిన సొమ్ము అమానత్. కానీ కార్డు లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ వెనక్కి పంపకండి. ఆ కార్డు వచ్చేలా చేయడమే మీరు చేసే మొదటి సాయం కావచ్చు. ఒకసారి ఇచ్చిన ఆటో కిరాయి, ప్రతి నెలా 4,016 రూపాయలకు దారి తీయవచ్చు.